పన్నెండో నంబరు ఇంటికి స్లాబు లేదు

చల్లనినీడ గృహ సేవా సంస్థలో పదవి లేని పని ఏదీ జరగరాదని రూలు పెట్టిన రోజున నేను అక్కడే ఉన్నాను. చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ రోజు లడ్డూలు పంచారు. లడ్డూలో జీడిపప్పు మా పిల్ల హిమజ గొంతుకు అడ్డం పడుతుందేమోనని ఏరి పారేసే హడావుడిలో ఉండి రూలు సంగతి పూర్తిగా వినలేదు. విన్నా చప్పట్లు కొట్టేదాన్నే. ఇల్లు ఇచ్చేవాళ్లు చెప్పినదానికి చప్పట్లు కొట్టకపోతే ఇల్లు ఇవ్వరేమోనని నా భయం.

నా చదువు ఏడో తరగతి. ఎనిమిదికి రైలు గేటు దాటి వెళ్లాలి. గేటు పడకముందే రైలొస్తే ఎలాగని నేనే మానేశాను. కాబట్టి ఆఫీసు మాటలు నాకు సగమే అర్థమవుతాయి. ఆ సగంతోనే చెబుతున్నాను.

సంస్థ వాళ్లకు బాపట్ల దాటాక, రైలు కట్టకు అవతల, ఉప్పు నేల మీద ఇరవై స్థలాలున్నాయి. సొంతిల్లు లేనివాళ్లకు తక్కువ ఖర్చులో ఇల్లు కట్టించడం వాళ్ల పని. ఇటుకలు తడపడం, ఇసుక జల్లెడ పట్టడం, నీళ్లు మోయడం ఇంటివాళ్ల పని. మొదటి ఏడాది సంస్థలో ముగ్గురే ఉండేవారు: డైరెక్టరు గౌరీనాథ్ గారు, ఇస్సాకు మేస్త్రి, కాపలాకు ఒక ముసలాయన. ఆ ముగ్గురూ కలిసి ఏడు ఇళ్లు కట్టారు. ఏడు కుటుంబాలు పాలు పొంగించుకుని లోపలికి వెళ్లాయి. మాది పన్నెండో నంబరు.

మా వంతు వచ్చేదాకా స్థలాల చివర టార్పాలిన్ కప్పిన పాకలో ఉన్నాం. మా ఆయన ఏడుకొండలు ట్రాలీ ఆటో తోలతాడు. మా హిమజకు తొమ్మిదేళ్లు. వాన పడితే పాకలో నేల చెమ్మగిల్లేది, పిల్లకు ఆయాసం వచ్చేది. గుండెల్లో పిల్లికూతలు నాకు వాకిట్లోకి వినపడేవి. ఆస్పత్రిలో డాక్టరమ్మ మందు రాసి, "పిల్లను పొడి నేల మీద పడుకోబెట్టండి" అంది. మందు షాపులో దొరికింది. పొడి నేల కోసం ఆ వానాకాలం లోపల ఇంటికి స్లాబు పడాలని నేను మొక్కని దేవుడు లేడు.

అంతా బాగా జరుగుతున్న రోజుల్లో నగరం నుంచి ఒక పెద్దమనిషి ఇళ్లు చూడటానికి వచ్చారు. గోడలు తట్టి చూసి, బాగున్నాయన్నారు. తర్వాత డైరెక్టరు గారిని, "మీ సంస్థలో ఎవరి కింద ఎవరు పనిచేస్తారు?" అని అడిగారు.

"నా కింద మేస్త్రి ఉన్నాడండి."

"మేస్త్రి కింద?"

డైరెక్టరు గారు చూశారు. మేస్త్రి కింద పరంజా ఉంది.

పెద్దమనిషి జాలిగా నవ్వి వెళ్లిపోయారు. ఆ నవ్వుకు డైరెక్టరు గారు వారం రోజులు సరిగా అన్నం తినలేదని చెప్పుకున్నారు. మరుసటి నెలలోనే అపూర్వ మేడమ్ వచ్చింది. ఆమె సిబ్బంది విభాగానికి అధిపతి. అప్పటికి సిబ్బంది ఇద్దరు కాబట్టి, ముందు సిబ్బందిని పెంచడం ఆమె మొదటి బాధ్యత అయింది. లడ్డూల రోజున ఆమె మైకులో ఇలా చెప్పింది:

"పాత్రల స్పష్టత లేని చోట జవాబుదారీతనం ఉండదు. నేటి నుంచి ప్రతి పనికీ ఒక పదవి, ప్రతి పదవికీ ఒక పరిధి. పరిధి దాటి పనిచేయడం క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించబడుతుంది."

మర్నాడు నేను ఇటుకలు తడిపి ఎనిమిదో ఇంటి దగ్గరకు వెళ్తే, ఇస్సాకు మేస్త్రి గోడ పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏంది మేస్త్రీ, గోడ ఆపేశావు?"

"నేను ఇటుక స్థాపన నిపుణుణ్ణంట చెల్లెమ్మా. ఇటుక పెట్టేంతవరకే నాది. సిమెంటు మాలు కలిపేటందుకు వేరే మనిషొస్తాడంట."

"ఎప్పుడొస్తాడు?"

"ఇంటర్వ్యూలు జరుగుతున్నయ్యంట."

"ఇన్నాళ్లూ నువ్వే కలిపావు గదా?"

"తెలవక కలిపా. ఇప్పుడు తెలిసింది" అని మేస్త్రి బీడీ నలిపి, నలిపిన బీడీని ఎక్కడ పారేయాలో, అది ఎవరి పరిధో తెలియక జేబులో వేసుకున్నాడు.

మాలు కలిపే ఆయన వచ్చాడు. మాలు అందించే ఆయన వచ్చాడు. గోడ నిటారుగా ఉందో లేదో తూకం గుండు వేలాడదీసి చూసే ఆయన, ఆయన చూశాడో లేదో చూసే ఆయన వచ్చారు. ఒక్క గోడ చుట్టూ అంతమంది నిలబడితే గోడ పడినప్పుడు అందరి మీదా పడుతుందని నాకు భయం వేసింది. కానీ పైకి అనలేదు. అప్పటికింకా నా భయాలను అడిగేవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత అడిగారు. అక్కడే నేను తప్పు చేశాను.

నెలకొకసారి లబ్ధిదారుల అభిప్రాయ సేకరణ అని మీటింగు పెట్టేవారు. లబ్ధిదారులంటే మేమే. అపూర్వ మేడమ్ అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, "నిర్మాణ ప్రక్రియలో మీరు గుర్తించిన ముప్పులు ఏవైనా ఉన్నాయా?" అని అడిగింది. అందరికంటే ముందు నేను లేచాను.

"మేడమ్, మా స్థలంలో మరుగుదొడ్డికని గుంట తవ్వి వదిలేశారు. మూత లేదు. పిల్ల ఆడుకుంటా పడితే ఎట్టా?"

మేడమ్ కళ్లు మెరిశాయి. "ఇది చాలా విలువైన పరిశీలన! చూశారా, క్షేత్రస్థాయి జ్ఞానం అంటే ఇదీ."

ఆమె పక్కన చంద్రమౌళి గారని సన్నటి మనిషి కూర్చుని ఉన్నారు. భయ నమోదు అధికారిగా ఆ ఉదయమే చేరారు. కొత్త రిజిస్టరు తెరిచి, నా పేరు అడిగి, 'ముప్పు సంఖ్య ఒకటి' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.

నా భయాన్ని ఒకరు కాగితం మీద పెట్టడం జీవితంలో అదే మొదటిసారి. మా ఆయనైతే నేను నోరు తెరవగానే, "నీ నోట ఒక్క మంచి మాట రాదా?" అంటాడు. మా అమ్మ చెవులు మూసుకునేది. చంద్రమౌళి గారు మాత్రం నేను చెప్పింది మళ్లీ చదివి వినిపించి, "సరిగానే నమోదు చేశానా అమ్మా?" అని అడిగారు. ఆ మర్యాదకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వారంలో గుంట దగ్గరకు పతన నివారణ అధికారి వచ్చారు. మూత రాలేదు. ఆయన గుంట పక్కన కుర్చీ వేసుకుని, అటుగా వచ్చినవాళ్లను, "జాగ్రత్త, గుంట ఉంది" అనేవారు. సాయంత్రం ఐదింటికి ఇంటికి వెళ్లిపోయేవారు. ఐదు తర్వాత పడితే ఆయన పరిధి కాదు.

అయినా నాకు ఉత్సాహం తగ్గలేదు. ఒక మనిషిని పెట్టారంటే నా భయానికి విలువ ఉన్నట్టే కదా అనుకున్నాను. తర్వాతి మీటింగులో మూడు చెప్పాను. ఆ తర్వాత ఎనిమిది. ఉప్పు నేలలో పాములుంటాయేమో అన్నాను, సరీసృప సమన్వయ అధికారి వచ్చారు. పిడుగు పడుతుందేమో అన్నాను, ఆకాశ వ్యవహారాల పర్యవేక్షకుడు వచ్చారు. పిల్ల లోపలుండగా తలుపు బిగుసుకుపోతే అన్నాను, నిష్క్రమణ సలహాదారుగా ఒకమ్మాయి వచ్చింది. పొయ్యి దగ్గర చీర అంటుకుంటే అన్నాను, జ్వలన అధికారి వచ్చారు. మా ఇంటి పేరు మీద వచ్చిన సిమెంటు బస్తాలు గాలి తగిలి గట్టిపడతాయేమో అన్నాను. అది పద్నాలుగోది. ఒకాయన వచ్చి రోజూ బస్తాలను వేలితో నొక్కి చూసి వెళ్లేవారు.

"ఇంకా ఏం మిగిలినయ్యే చెప్పటానికి?" అన్నాడు మా ఆయన.

"ఇంకా చానా ఉన్నయ్. ఫ్యాను పైనుంచి ఊడి పడితే? అది చెప్పనే లేదు."

"ఫ్యాను దాకా పోయావా! దానికి స్లాబుండాలి గదే ముందు."

నిజమే. అందుకే ఫ్యాను సంగతి తర్వాత చెబుదామని ఆపుకున్నాను. అలా ఆపుకోగా కూడా నా ఖాతాలో ముప్పై రెండు ముప్పులు నమోదయ్యాయి. సంస్థలో సిబ్బంది నలభై ముగ్గురయ్యారు. డైరెక్టరు గారి ముఖం నిండుగా తయారైంది. ఆయన గదిలో గోడ పొడవునా, ఎవరి కింద ఎవరో చూపించే బొమ్మ తగిలించారు. ఆ బొమ్మలో అందరికంటే కింద, ఫ్రేము చెక్క అంచు మీదకు జారిపోయినట్టుగా ఇస్సాకు మేస్త్రి పేరుంది.

నలభై ముగ్గురికి కూర్చోవడానికి చోటు కావాలి. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు నంబరు ఇళ్లు ఎలాగోలా పూర్తయ్యాయి. పూర్తవగానే వాటిల్లోకి సిబ్బంది వెళ్లారు. తాత్కాలికంగానే అన్నారు. ఎనిమిదో నంబరు మా పక్క పాక మహబూబీకి రావాలి. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఆమె రోజూ తన ఇంటి కిటికీలోంచి తొంగి చూసి వచ్చి నాకు చెప్పేది.

"నాంచారక్కా, నేను పొయ్యి పెట్టుకుందామనుకున్న గట్టు మీద పొయ్యి ఆఫీసరు కూచోనుండాడు."

"కూచుని ఏం చేస్తన్నాడు?"

"టీ బయట్నుంచి తెప్పించుకుంటన్నాడు. లోపల పొయ్యి పెట్టకూడదంట, ప్రమాదమంట." నా ముఖంలోకి చూసి, "ఆ ఆఫీసరు నీ భయమే గదక్కా?" అంది.

అవునన్నాను. ఆమె నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

జ్యేష్ఠం చివరికి మా ఇంటి గోడలు లేచాయి. సెంట్రింగ్ రేకులు పరిచారు, కింద కర్రలు నిలబెట్టారు, పైన ఇనుము కట్టారు. ఇక కాంక్రీటు పోయడమే. సముద్రం వైపు మబ్బులు కమ్ముతున్నాయి. సెంట్రింగ్ ఆయన వచ్చి, "సోమవారంలోగా స్లాబు పోయకపోతే రేకులు ఊడదీసుకుని చీరాల పోతా. అక్కడ పని ఒప్పుకున్నా" అని చెప్పేశాడు.

నేను పరుగున ఆఫీసుకు వెళ్లాను. స్లాబు పోయాలంటే ఇంటి మీద నమోదైన ముప్పులన్నీ తొలగిపోయినట్టు సంబంధిత అధికారులు సంతకాలు చేయాలని చెప్పి, ముప్పై రెండు గడులున్న కాగితం ఇచ్చారు. అది పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పదో నంబరు ఇంట్లో, పడకగది కావలసిన చోట సరీసృప సమన్వయ అధికారి కూర్చుని ఉన్నారు.

"మీరు ప్రస్తావించిన పాము ఏ జాతికి చెందినది?"

"పాము ఇంకా రాలేదు సార్. వస్తదేమోనని."

"రాని పామును నేను తొలగించినట్టు ఎలా ధ్రువీకరించగలను? అది అసత్య ధ్రువీకరణ అవుతుంది. ముందు రానివ్వండి."

ఆకాశ వ్యవహారాల ఆయన మూడు నెలలుగా పిడుగు పడకపోవడం వల్ల తన విభాగం పనితీరు మీద పైవాళ్లకు అనుమానం వస్తోందని నాకే చెప్పుకుని బాధపడ్డారు. నిష్క్రమణ సలహాదారు అమ్మాయి గదిలో తలుపు బిగుసుకుపోయి ఉంది. కిటికీలోంచి కాగితం అందిస్తే, ఒక సంతకం మాత్రం ఆమె వెంటనే చేసింది. మిగతావాళ్లందరూ ఒకటే మాట అన్నారు: భయం పెట్టుకున్న మనిషే అది పోయిందని చెప్పాలి, అప్పుడు తాము సంతకం చేస్తామని.

కాబట్టి చివరికి చంద్రమౌళి గారి ముందు కూర్చున్నాను. పక్కన మా ఆయన నిలబడ్డాడు. చంద్రమౌళి గారు రిజిస్టరు తెరిచి, కళ్లజోడు సరిచేసుకున్నారు.

"మీ భయం పోయిందా అమ్మా?"

"ఎట్టా పోతది సార్? స్లాబు పడితే గదా పోయేది."

"స్లాబు పడాలంటే భయం పోవాలమ్మా. అది క్రమం. 'పోయింది' అని ఒక్క మాట అనండి. ముప్పై రెండు గడుల్లోనూ నేను వేసుకుంటాను."

"అనవే!" అన్నాడు మా ఆయన పళ్ల బిగువున. "ఒక్క మాట! పోయిందని చెప్పు!"

నేను నోరు తెరిచాను. పోయిందనే అందామనుకున్నాను. హిమజ పిల్లికూతలు గుర్తు తెచ్చుకున్నాను. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు.

"సార్, ఒకవేళ పోయిందని చెప్పినాక, స్లాబు కూలితే?"

మా ఆయన తల పట్టుకున్నాడు. చంద్రమౌళి గారు కలం తీసి, "ముప్పు సంఖ్య ముప్పై మూడు" అని చెప్పుకుంటూ రాశారు. "సంతకానంతర పరిణామాలు. దీనికి పదవి ఇంకా లేదు. ప్రకటన ఇవ్వాలి."

బయటికి వస్తుంటే వరండాలో అపూర్వ మేడమ్ ఎదురైంది. నన్ను చూసి చేతులు రెండూ పట్టుకుంది.

"నాంచారమ్మ గారూ, మీకు శుభవార్త! మీ భయాల పరిమాణం దృష్ట్యా ప్రత్యేకంగా భయ నిర్వహణ శాఖనే ఏర్పాటు చేస్తున్నాం. కార్యాలయం ఎక్కడో తెలుసా? మీ పన్నెండో నంబరు ఇంట్లోనే! స్లాబు దశ పూర్తయినట్టు నమోదు కాగానే శాఖ అందులోకి మారుతుంది."

"మరి మేము, మేడమ్?"

"రెండో దశ నిర్మాణంలో మీకే ప్రథమ ప్రాధాన్యం."

"అది ఎప్పుడు మేడమ్?"

"ఇది మరో విలువైన పరిశీలన" అంది మేడమ్. లోపలికి చూసి, "చంద్రమౌళి గారూ!" అని పిలిచింది.

నేను వినపడనట్టు నడిచి వచ్చేశాను. దారి పొడవునా మా ఆయన నాకంటే పది అడుగులు ముందు నడిచాడు. తిట్టినా బాగుండేది.

పాకలో హిమజ ఒంటరిగా కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. నేల అప్పటికే చెమ్మ పట్టింది. నేను గోనె సంచి మీద కూలబడి, మా ఇంటిని నేనే చెడగొట్టుకున్నానని మొదటిసారి పైకి అన్నాను. హిమజ తలెత్తి, "చెప్పకుండా ఉండలేవా అమ్మా?" అంది. పెద్దదానిలా అంది.

ఆ శుక్రవారం సంస్థ వాళ్లందరూ సముద్రం ఒడ్డున రిసార్టుకు వెళ్లారు. పాత్రల స్పష్టత మీద మూడు రోజుల శిక్షణా శిబిరం. రెండు బస్సులు నిండాయి. బస్సు కదిలేముందు అపూర్వ మేడమ్ పేర్లు పిలిచింది. పిలిచిన వాళ్లలో ఇస్సాకు మేస్త్రి లేడు. బస్సు దుమ్ము అణిగాక మేస్త్రి మా పాక దగ్గరకు వచ్చాడు.

"నువ్వు పోలేదా అన్నా?" అన్నాను.

"నాది రోజు కూలీ పాత్రంట. శిబిరానికి పాత్రలున్నోళ్లే గానీ కూలీలు రాకూడదంట." మబ్బుల వైపు చూశాడు. "ఏడుకొండలూ, రేపు పోద్దామా?"

"యాడికి?" అన్నాడు మా ఆయన.

"యాడికేందయ్యా, స్లాబు పోద్దాం. సిమెంటు లోపలే ఉంది, కంకరుంది, ఇసకుంది. కాంక్రీటు కలిపే మిల్లరు మా బావమరిదిది ఉంది."

"అన్నా, నువ్వు ఇటుకలు పెట్టేవాడివి గదా. స్లాబు నీ పరిధి కాదంటారేమో. నీ పని తీసేస్తారేమో" అన్నాను.

"అదే గదా చెల్లెమ్మా చెప్పేది. స్లాబు నా పరిధి కాదు. అందుకని నేను పోసినా నేను పోసినట్టు కాదు." మేస్త్రి ఆ మాట ఏమాత్రం నవ్వకుండా అన్నాడు. సంస్థలో ఏడాదిన్నర పనిచేసిన మనిషి.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ఏడు ఇళ్లవాళ్లూ, పాకల్లో వాళ్లూ కలిసి పాతికమంది వచ్చారు. మిల్లరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి కొబ్బరికాయ కొట్టాను. ఇస్సాకు మేస్త్రి తలపాగా తీసి, కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు. నేను పులిహోర కలిపాను. మహబూబీ పెద్ద గిన్నెతో కోడి పలావు తెచ్చి, కొంగు బిగించి ఇనపతట్టల వరసలో నా పక్కనే నిలబడింది. తట్ట అందిస్తూ, "ఇయ్యాల ఒక్కరోజు నోరు మూసుకో అక్కా" అంది. మూసుకున్నాను.

పది గంటలకు తెలియకుండానే తెరిచాను. "మేస్త్రీ, కర్రలు గట్టిగానే ఉన్నయ్యా? ఆ మూల కొంచెం కిందికి..."

"చెల్లెమ్మా, కాంక్రీటు గట్టిపడిపోతది. తట్ట అందీ!"

ఆఖరి తట్ట మూడింటికి పడింది. మేస్త్రి బద్దతో చదును చేసి దిగేసరికి పడమర నల్లబడింది. పచ్చి స్లాబు మీద పెద్ద వాన పడితే పైపొర కొట్టుకుపోతుంది. కప్పడానికి ఏమీ లేదు. నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పాక మీదున్న టార్పాలిన్ ఊడదీశాం. స్లాబుకు కప్పి, అంచుల మీద ఇటుకలు పేర్చాం. వాన దంచి కొట్టింది. హిమజను మూడో నంబరు వాళ్లింట్లో కూర్చోబెట్టి, కప్పులేని పాకలో మేమిద్దరం బియ్యం డబ్బాకు కాపలాగా తడుస్తూ నిలబడ్డాం. మా ఆయన ఉన్నట్టుండి నవ్వాడు.

"ఇప్పుడు భయపడవే, ఎంత కావాలంటే అంత. రాసుకునేవాడు లేడు."

సోమవారం బస్సులు తిరిగి వచ్చాయి. అప్పటిదాకా ఆగగలిగాను గానీ, ఆ పైన నా వల్ల కాలేదు. వాళ్లే చూస్తే పెద్ద గొడవవుతుందని, ముందే చెప్పేస్తే చిన్న గొడవతో పోతుందని, నేనే అపూర్వ మేడమ్ దగ్గరకు వెళ్లి చేతులు కట్టుకున్నాను.

"మేడమ్, తప్పయిపోయింది. పన్నెండో నంబరుకి స్లాబు పోసేశాం."

మేడమ్ నా కాగితం తెప్పించుకుని చూసింది. "ఒక్క సంతకమే ఉంది. ముప్పై ఒక్క గడులు ఖాళీ."

"అవును మేడమ్. అయినా పోసేశాం. వచ్చి చూడండి."

"నాంచారమ్మ గారూ," అని ఆమె ఓపికగా చెప్పింది, "ముప్పై రెండు సంతకాలు లేకుండా స్లాబు పోయడం మా వ్యవస్థలో సాధ్యం కాదు. సాధ్యం కానిది జరగదు. జరగనిదాన్ని నేనొచ్చి చూస్తే, మా వ్యవస్థను నేనే శంకించినట్టవుతుంది. మీరు ఆందోళనలో ఉన్నారు. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి."

అంటూనే రిజిస్టరులో 'పన్నెండో నంబరు: పైకప్పు లేదు' అని రాసింది. పైకప్పు లేని ఇంట్లోకి శాఖను మార్చడం కుదరదని, భయ నిర్వహణ శాఖను పదమూడో నంబరుకు కేటాయించింది.

పదమూడో నంబరు మా పక్క స్థలం. అక్కడ తుమ్మ మొక్కలు తప్ప ఏమీ లేవు. కానీ శిక్షణా శిబిరంలో అభ్యాసం కింద, అందరూ తమ తమ పాత్రలు పోషిస్తూ మూడు రోజుల్లో ఆ ఇల్లు కట్టేశారట. పునాది నుంచి సున్నం దాకా ప్రతి గడిలోనూ సంతకం ఉంది. ముప్పులు సున్నా, ఎందుకంటే నేను అక్కడ లేను. చల్లనినీడ చరిత్రలో అంత వేగంగా, అంత పద్ధతిగా పూర్తయిన ఇల్లు మరొకటి లేదని డైరెక్టరు గారు ఆ కాగితాలను నగరం పెద్దమనిషికి పంపారు. ఈసారి ఆయన నవ్వలేదట, మెచ్చుకున్నారట.

నేను మూడు వారాలు మా స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టాను. నిచ్చెన గుంట పక్కనే ఉండేది. బిందెతో ఎక్కుతున్న నన్ను పతన నివారణ అధికారి రోజూ, "జాగ్రత్తమ్మా, గుంట ఉంది" అనేవారు. పైకి ఎందుకు ఎక్కుతున్నావని అడగడం ఆయన పరిధి కాదు. ఆయన సెలవు పెట్టిన రోజు చూసి మా ఆయన గుంట మీద నాపరాయి మూత వేశాడు. మర్నాడు ఆయన వచ్చి మూత మీదే కుర్చీ వేసుకుని, "జాగ్రత్త, గుంట ఉంది" అన్నారు.

సెంట్రింగ్ ఊడదీశాక పాలు పొంగించి లోపలికి వెళ్లాం. ఎవరూ రాలేదు, ఎవరూ వద్దనలేదు. లేని ఇంటికి గృహప్రవేశం ఆపడానికి ఇంకా పదవి పుట్టలేదు. మహబూబీ తన కుట్టుమిషను తెచ్చి మా ముందుగదిలో పెట్టుకుంది. తన ఇల్లు ఖాళీ అయ్యేదాకా ఉండమని నేనే అన్నాను. ఆ ఇంట్లో ఉన్నది నా భయాలే కదా.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం జోరువాన. తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే చంద్రమౌళి గారు. రిజిస్టరును చొక్కా లోపల దాచుకుని, నిలువునా తడిసి ఉన్నారు. ఆయన వెనకాల పదమూడో నంబరులో, తుమ్మ మొక్కల మధ్య మూడు కుర్చీలు, ఒక బల్ల, రెండు గొడుగులు కనపడుతున్నాయి.

"మా కార్యాలయంలో కొంచెం కురుస్తోందమ్మా," అన్నారు. "ఐదు నిమిషాలు కూర్చోవచ్చా?"

కూర్చోబెట్టి తువ్వాలు ఇచ్చాను. టీ పెట్టాను. లోపలి గదిలో మంచం మీద హిమజ నిద్రపోతోంది. చంద్రమౌళి గారు తల తుడుచుకుని, రిజిస్టరు బల్ల మీద ఆరబెట్టి, "వచ్చాను కాబట్టి వార్షిక పరిశీలన కూడా పూర్తిచేస్తాను. ఆ ఫ్యాను కాస్త పెంచండమ్మా, పేజీలు ఆరతాయి" అన్నారు. పెంచాను. ఆయన కలం తీసుకుని, తల వంచి, మెల్లగా చదువుకుంటూ రాశారు.

"పన్నెండో నంబరు. గోడలు ఉన్నవి. పైకప్పు లేదు. గత నివేదికలో మార్పు లేదు."

బయట వాన స్లాబు మీద దడదడ కొడుతోంది. ఆయన టీ తాగారు. మహబూబీ మిషను తొక్కడం ఆపేసి నా వైపే చూస్తోంది.

"చివరి ప్రశ్న," అన్నారు చంద్రమౌళి గారు. కొత్త పేజీ తిప్పి, ఎప్పటిలాగే మర్యాదగా నా ముఖంలోకి చూశారు. "మీకు కొత్తగా ఏమైనా భయాలు ఉన్నాయా అమ్మా?"

లోపలి గదిలో రెండో ఫ్యాను తిరుగుతోంది. కొక్కెం దగ్గర సన్నగా కిర్రుమంటోంది. మంచం సరిగ్గా దాని కిందే ఉంది. హిమజ నోరు కొద్దిగా తెరుచుకుని పడుకుంది. ఊపిరి చప్పుడు లేకుండా వచ్చి పోతోంది. ఎంత చెవి పెట్టి విన్నా పిల్లికూత లేదు. నా నాలుక చివరకు మాట వచ్చి నిలబడింది.

"ఏమీ లేవు సార్," అన్నాను.

చంద్రమౌళి గారి కలం కాసేపు గాలిలో ఆగింది. నన్నే చూస్తూ, "ఒక్కటి కూడానా?" అన్నారు. పాపం, ఆయన ముఖం కొంచెం చిన్నబోయినట్టు అనిపించింది.

"ఒక్కటి కూడా లేదు సార్."

ఆయన నమోదు చేసుకుని, వాన తగ్గాక తమ కార్యాలయానికి వెళ్లిపోయారు. నేను తలుపు గడియ వేసి, లోపలికి వెళ్లి, పిల్ల లేవకుండా మంచాన్ని ఫ్యాను కిందనుంచి రెండు మూరలు పక్కకు జరిపాను.